సిలిండర్ పక్కన సుద్ద అంకెలు

కాక పోయాడన్న కబురు హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఫోన్లోకి వచ్చింది. ముందు బండ్ల పొగ, వెనక హారన్లు. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. తొమ్మిదిన్నరకు మీటింగ్ ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఆ సంగతి మీతో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కాక మా పరిశోధనశాలలో అటెండర్. నేను కడప నుంచి వచ్చి పీహెచ్‌డీలో చేరిన మొదటి రోజే నన్ను ‘బిడ్డా’ అన్నాడు. నా పని పైరీన్ మీద. తారులో, బండ్ల పొగలో ఉండే పదార్థమే; కరిగించి అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా వెలుగుతుంది. ఏది కలిపితే ఆ వెలుగు ఎంత తగ్గుతుందో కొలవాలి. చిక్కేమిటంటే, ద్రావణంలో కరిగిన ప్రాణవాయువు కూడా వెలుగును తగ్గిస్తుంది. అందుకని ప్రతి గొట్టంలోకీ ఇరవై నిమిషాలు నత్రజని బుడగలు వదిలి, గాలిని తరిమేశాకే కొలవాలి.

కాకకు ఒక అలవాటు ఉండేది. రోజూ సాయంత్రం నత్రజని సిలిండర్ మీటర్ చూసి, పక్క గోడ మీద సుద్దతో అంకె వేసేవాడు. ఎవరూ వెయ్యమనలేదు. “వండేటోనికి బియ్యం ఎన్నున్నయో ఎర్కుండాలె గద” అనేవాడు.

సెమినార్ దగ్గర పడిన నెలలో, అలిసిపోయి, ఇరవై నిమిషాలను ఐదు చేశాను. అదీ నేను తయారుచేసిన కొత్త పదార్థం కలిపిన గొట్టాలకే. వెలుగు సగానికి పైగా పడిపోయింది. మా గైడ్ సంబరపడ్డారు. పేపర్ రాసేశాం.

పంపడానికి రెండు రోజుల ముందు కాక గోడ చూపించాడు. “ఏంది బిడ్డా, గొట్టాలు గిన్ని కడిగిన. గ్యాస్ గింతనే తగ్గింది?”

“నీ పని నువ్వు చూసుకో కాకా” అన్నాను.

కాక నొచ్చుకున్నా కనపడనివ్వలేదు. మర్నాడు నా గొట్టానికే గ్యాస్ తగిలించి, గదిలో లైటు ఆర్పి, స్టూలు జరిపాడు. “ఇగ కూసో. జర ఓపిక పట్టు.” అతినీలలోహిత దీపం కింద మసకగా ఉన్న గొట్టం మెల్లమెల్లగా నీలమెక్కింది. నా పదార్థం మింగిందనుకున్న వెలుగులో చాలా భాగం గాలి మింగినదే.

“సారుకు నువ్వే చెప్పు. నేను చెప్తే మంచిగుండదు” అన్నాడు.

చెప్పాను. పేపర్ ఆగింది. థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. ఆఖరికి అచ్చయినప్పుడు గైడ్‌కు, అమ్మానాన్నలకు, హాస్టల్ వంటమనిషికి కూడా కృతజ్ఞతలు రాశాను. కాక పేరు రాయలేదు. ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే నా తప్పు చెప్పాల్సి వస్తుందని భయం. ఆయన ఆ పేజీ పైనుంచి కిందిదాకా చూసి, “మంచిగ అచ్చేసిన్రు బిడ్డా” అని పుస్తకం నా చేతికిచ్చాడు.

నిన్న చందానగర్‌లో వాళ్లింట్లో కర్మ అయ్యాక ల్యాబ్‌కు వెళ్లాను. గోడ మీద అంకెలున్నాయి. చివరివి వేరే చేతిరాత. దీపం ముందు, గొట్టానికి గ్యాస్ తగిలించి, ఇప్పుడు అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

“నేనే ఏస్తున్న అక్కా. దవాఖానల ఉన్నప్పుడు ఫోన్ జేసి చెప్పిండు కాక, మరువకు అని.”

అల్మారాలోంచి నా థీసిస్ తీసి, కృతజ్ఞతల పేజీ అడుగున ఆయన పేరు, ఆయన చేసిన పని, నా తప్పు పెన్నుతో రాశాను. చదవాల్సిన మనిషి లేడు. ఆఫీసు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది.

అమ్మాయి లైటు ఆర్పింది. “ఇంక పదకొండు నిమిషాలున్నయి అక్కా.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. గొట్టం ఇంకా మసకగానే ఉంది.