చిన్నమ్మ మెడలో అమ్మ

మా చిన్నమ్మ పోయింది. మొన్న అమావాస్య వెళ్ళిన తెల్లారి, నల్లగొండలో దవాఖానలో. చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలనుకునేరు, కాదు. నన్ను కన్న కొన్నాళ్ళకే మా అమ్మ పోతే మా బాపు చేసుకున్న రెండో ఆమె. ఊరు ఆమెను సవతితల్లి అంది. ఆ మాటకు లోకంలో ఉన్న అర్థం మా ఇంట్లో మాత్రం పనికిరాలేదు.

మాది మర్రిగూడ వైపు, గొర్లు కాసుకునే కుటుంబం. మా ఇళ్ళలో భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, కొత్తామె మెడలో పుస్తెలతోపాటు ఒక వెండి బిళ్ళ కడతారు. రూపాయి బిళ్ళంత ఉంటుంది, దాని మీద చేతులు జోడించిన ఆడమనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని సవతి బిళ్ళ అంటారు. పోయినామె అలిగి కొత్తామె మీదికి రాకూడదని ఆ ఏర్పాటు. అందరూ భయంతో కట్టుకునేదాన్ని మా చిన్నమ్మ చుట్టరికంగా కట్టుకుంది. పొద్దున్నే బిళ్ళకు పసుపు రాసేది. రొట్టె తొలి ముక్క బిళ్ళకు చూపించి నా నోట్లో పెట్టేది. కొత్త చీర కొంటే ముందు దానికి తాకించి, "అక్కా, రంగు మంచిగున్నదా?" అని అడిగేది. నా మీద కోపమొస్తే కొట్టేది కాదు, అక్కతో చెప్పేది.

"సూడక్కా నీ కొడుకును. గొర్లను మంది చేన్ల ఇడిసి ఆటకు పోయిండు."

రెండు దెబ్బలు వేసినా బాగుండేదని నాకు అనిపించేది.

అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. నాకు అమ్మంటే ఆ బిళ్ళ మీది ముఖమే. చిన్నప్పుడు యాదగిరిగుట్టకు పోయినప్పుడు మెట్ల మీద ఎవరో ఒకామె మెడలో మా అమ్మ కనిపించింది. అదే ముఖం, అవే చేతులు. ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తూ ఎంతకీ వదల్లేదట. చిన్నమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. కంసాలిని మా వైపు అవుసలాయన అంటారు.

"అవుసలాయన తాన ఒక్కటే అచ్చు ఉంటది బిడ్డా. సచ్చినోళ్ళందరికి గదే మొకం."

"మరి గది మా అమ్మ కాదా?"

"మనం అనుకున్నంక అమ్మనే. నేను మాత్రం సూసిన్నా మీ అమ్మను? అక్క నన్ను సూడలే, నేను అక్కను సూడలే. రేపు ఆడికి పోయినంక గీ బిళ్ళ సూసే ఒకలనొకలు గుర్తువట్టుకోవాలె. గందుకే దీన్ని ఇడువ."

ఆమె ఇది నవ్వులాటకు అనలేదు. బాపు పోయిన పదోనాడు పుస్తెలు తీసిన ఆడవాళ్ళు బిళ్ళకూ చేయి చాస్తే గట్టిగా పట్టుకుంది. "మొగడు పోయిండు. అక్క యాడికి పోయింది?" అంది. వాళ్ళు బిళ్ళను వదిలేశారు. ఆ తర్వాత నల్లదారానికి ఆ ఒక్క బిళ్ళే వేసుకుని బతికింది. తాను పసుపు మానేసింది, బిళ్ళకు రాయడం మాత్రం మానలేదు.

ఈ మధ్య ఫొటో ఇస్తే ఆ ముఖాన్నే వెండి బిళ్ళ మీద దింపి ఇస్తున్నారు. నా బిడ్డ భువనగిరిలో తాత ముఖంతో ఒకటి చేయించుకుని తెచ్చి చూపించింది. చిన్నమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పెట్టుకుని, "ముక్కు గిట్లనే ఉంటుండె" అని మురిసింది. తిరిగి ఇచ్చేటప్పుడు, "గప్పుడు అక్కకు ఒక్క ఫొటువ తీయించి ఉంటే" అంది.

దవాఖానలో స్కానింగుకు తీసుకుపోయే ముందు ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. ముడి రాకపోతే దారం కత్తిరించి బిళ్ళ నా చేతికిచ్చారు. జేబులో వేసుకున్నాను. అటునుంచి అటే ఆమెను లోపలి గదిలోకి మార్చారు. అక్కడ రోగి ఒంటి మీద ఏ వస్తువూ ఉండకూడదని నియమం. చూడటానికి నన్ను పంపినప్పుడు ఆమె చేయి మెడ మీద తడుముకుంటోంది.

"అక్కేది?"

"నా జేబుల భద్రంగున్నది చిన్నమ్మా. బయటికి రాంగనే కడత."

"మరువకు బిడ్డా. ఉత్త మెడతోని పోతే ఆడ నన్నెవలు గుర్తువడతరు?"

ఆమె బయటికి రాలేదు.

పూడ్చడానికి తవ్విన బొంద దగ్గర బిళ్ళ తీసి ఆమె మెడలో కట్టబోయాను. మా కాక, బాపు తమ్ముడు, నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. సవతి బిళ్ళ ఇంట్ల దేవుని కాడ ఉండాలె. మట్టిల పెడితే మీ అమ్మను రెండోసారి బొందవెట్టినట్టు."

"చిన్నమ్మ అడిగింది కాకా."

"అడిగింది గనీ, మీ అమ్మది ఇంకేమున్నది నీ తాన?"

నా దగ్గర ఇంకేమీ లేదు. ఒక తల్లికి ఇచ్చిన మాట నిలబెట్టాలంటే ఇంకో తల్లిని మట్టిలో కలపాలి. ఏం చేయాలో తెలియక ఏడ్చాను. అంతలో ఎవరో చీకటి పడుతోందని తొందరపెట్టారు, బిళ్ళ తిరిగి నా జేబులోకే పోయింది, ఆమెను దించారు.

దించేటప్పుడు కొంగు జరిగింది. జీవితమంతా గొర్ల వెంట ఎండలో తిరిగి నల్లబడ్డ ఆ మెడ కింద, ఎండ తగలని బిళ్ళంత చోటు గుండ్రంగా, తెల్లగా కనిపించింది. కొడుకువు, తొలి పిడికెడు మన్ను నువ్వే వేయాలన్నారు. వేశాను. ఆ మన్ను సరిగ్గా అక్కడే పడింది.