నీడకు బాసికం

అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే మా పక్కింటి గిరిజ "ఇంట్లోనే" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. గుడివాడలో ఆరేళ్ళు డ్రాయింగ్ టీచర్‌గా చేసిన మనిషి. ఇక్కడ భర్త వెంట వచ్చినవాళ్ళకిచ్చే హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేయకూడదు. అందుకని పుట్టినరోజు పార్టీల్లో పిల్లల్ని పక్కకు తిరిగి కూర్చోమని, పెన్సిల్ గీత కూడా లేకుండా, నల్ల కాగితంలో వాళ్ళ ముఖాలు కత్తిరించి ఇచ్చేది. కత్తెర కదిలేది కాదు, కాగితమే తిరిగేది. తల్లులు "సో క్యూట్" అనేసి కేకు దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు.

2009లో మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే రాధారాణి కూతురు సాయిప్రియకి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల పాత సామాన్ల షాపులో వందేళ్ళ నాటి పెళ్ళి కార్డు ఒకటి కొనుక్కొచ్చింది. దానిమీద వధూవరుల నల్లని నీడ ముఖాలు ఎదురెదురుగా ఉన్నాయి. తన శుభలేఖా అలాగే ఉండాలని, గిరిజా ఆంటీయే కట్ చేయాలని, కింద ఆంటీ పేరు వేస్తానని అంది. వచ్చిన ఎనిమిదేళ్ళలో గిరిజ పేరు ఈ దేశంలో కరెంటు బిల్లు మీద కూడా లేదు. ఆ వారం ఇంట్లో కూరల్లో ఉప్పు ఉంటే కారం లేదని ఆమె భర్త దివాకర్ చెప్పాడు.

శుభలేఖ మీద నలుపేమిటని నేనే అడ్డం పడ్డాను. గిరిజ కుంకుమ రంగు కాగితం తెచ్చి కత్తిరించింది. ఇక ఎవరూ వంక పెట్టలేరని ఇద్దరం తెగ మురిసిపోయాం.

శనివారం ప్రింటుకి ఇవ్వాలి. గురువారం పెళ్ళికూతురి అమ్మమ్మ శేషమ్మగారికి చూపించాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి కార్డు బోర్లించారు.

"నా మనవరాలికి బొట్టేదమ్మా?"

నీడలో బొట్టు కనపడదని సాయిప్రియ ఎంత చెప్పినా వినలేదు. ఇది వద్దు, మామూలు కార్డే వేయించండి అన్నారు. గిరిజ ముఖం చూసి నాకు కోపం ఆగలేదు. బయటికొచ్చాక రాధారాణి చెప్పింది, వాళ్ళమ్మకి ఇరవై రెండేళ్ళకే బొట్టు తీసేశారట.

మర్నాడు గిరిజ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. కార్డు మాట ఎత్తకుండా ఆవిడ పెళ్ళి గురించి అడిగింది. ముందు ముక్తసరిగా మొదలుపెట్టిన శేషమ్మగారు కాసేపటికి నవ్వేశారు. పదమూడేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళ బాసికం కట్టారట, అది జారి మాటిమాటికీ ముక్కు మీదికి వచ్చేదట. గిరిజ వెంటనే కత్తెర తీసింది. ఈసారి నుదుటి దగ్గర కాగితం చిన్న మెలిక తిరిగింది. వధువుకీ వరుడికీ నుదుటి మీద బాసికాలు ముందుకు పొడుచుకొచ్చాయి.

శేషమ్మగారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. బాసికం కట్టారంటే బొట్టు పెట్టినట్టేనన్నారు. లోపల్నుంచి పసుపు తెప్పించి, తను మాత్రం ముట్టుకోకుండా, కార్డు మూలలకు రాయమని గిరిజకే ఇచ్చారు. గిరిజకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పేరు అచ్చవుతుందన్నమాట.

మేం లేవబోతుంటే ఆవిడ కుర్చీ జరుపుకుని కిటికీ వైపు ముఖం తిప్పారు.

"నాదీ ఒకటి కత్తిరించమ్మా, బాసికంతో. ఆ రోజు ఫోటో తీయించలేదు. ఎవరికీ చూపించనులే."