కంట్లో కిటికీ

బొమ్మల సారు పోయారన్న కబురు ఆఫీసు ఫోనుకు వచ్చింది. నేను తిరుపతిలో వైద్య కళాశాల నేత్రనిధిలో పనిచేస్తాను. కళ్ళు ఇస్తామని రాసిచ్చినవాళ్ళు పోతే ఆరు గంటల్లోపు ఇంటికి వెళ్ళి ఆ కళ్ళను సేకరించడం నా ఉద్యోగం. తిరుచానూరు దారిలో ఆ వీధి పేరు వినగానే ఎవరో అర్థమైంది. పోతూ పోతూ కూడా నాకే పని పెట్టాడే మహానుభావుడు అనుకున్నాను. పోయినవాళ్ళను అలా అనకూడదంటారు. నేను అన్నాను, దాచుకోవడం దేనికి?

ఆయన మా వైద్య కళాశాల కంటి విభాగంలో చిత్రకారుడు. పుట్టింది కాళహస్తిలో, కలంకారీ పనివాళ్ళ ఇంట. దేవుడికి కన్నిచ్చిన వేటగాడి బొమ్మను వాళ్ళ నాయన పక్కన కూర్చుని గీసి గీసి నేర్చుకున్న చెయ్యి. వాళ్ళింట్లో బొమ్మంతా అయ్యాక అన్నిటికంటే చివర నల్లగుడ్లు పెడతారట. ఆసుపత్రికి వచ్చాక ఆ చేత్తోనే జబ్బు కళ్ళు వేశారు. పాతకాలపు వైద్యుడు రోగికి ఎదురుగా కూర్చుని సూదితో శుక్లాన్ని పక్కకు నెట్టే బొమ్మ, పొరపొరగా విప్పిన కనుగుడ్డు బొమ్మ ఇప్పటికీ మా గోడల మీద ఉన్నాయి. ప్రతి కంట్లో ఒక మూల తెల్లగా బుల్లి కిటికీ వేసేవారు. "ఎదురుగా ఉండే కిటికీ కంట్లో పడాల. పడకుంటే అది కన్ను గాదు, గోలీగుండు" అనేవారు.

ఆ గోడ మీదే మా అమ్మ కన్ను కూడా ఉంది. నా కోపమంతా దాని గురించే.

మాది నగరి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మరమగ్గం మీంచి నూలుకండె నాడె ఎగిరొచ్చి అమ్మ ఎడమకంటికి తగిలింది. ఎవరో చెప్పారని ఆకుపసరు పోశారు. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వేసింది. తిరుపతి తీసుకొస్తే చూపు రాదన్నారు గానీ, బొమ్మ వేయడానికి మాత్రం పనికొస్తుందన్నారు. ఈయన అమ్మను స్టూలు మీద కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, రెండు రోజులు ఆ కంట్లోకే చూస్తూ కూర్చున్నారు. తిన్నావా అని కూడా అడగలేదు. నాకు ఒళ్ళు మండి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"అడ్డం జరుగు పాపా, ఎలుతురు పోతాది" అన్నారు.

నేను జరగలేదు.

"నీకే సెప్పేది. ఇనపళ్ళేదా?"

చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మ కసిరినా కదల్లేదు. చివరికి ఆయనే విసుక్కుని, తల వంచి కుంచె పట్టుకున్నారు.

చదువుకుని అదే విభాగంలో శిక్షణకు చేరిన రోజు గోడ మీద ఆ పటం చూశాను. ఒట్టి కన్ను. ముఖం లేదు, పేరు లేదు. కింద జబ్బు పేరు మాత్రం ఉంది. పిల్లలు దాన్ని చూసి నోట్సు రాసుకుంటున్నారు. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి, కింద మా అమ్మ పేరు రాయమన్నాను.

"పేరు రాస్తే మనిషి కనపడతాది పాపా, జబ్బు కనపడదు. ఈడ జబ్బే కనపడాల."

"మా అమ్మ జబ్బా సార్?"

"నీ కోపం నాకు తెలుసులే" అన్నారు, తలెత్తకుండా.

ఆయన రిటైరయ్యేదాకా మా ఇద్దరికీ అదే గొడవ. ఒకసారి, "పేరు లేకపోతే పోయింది, కిటికీలో మరక పడింది, అదన్నా తుడవండి" అన్నాను. "అది తుడిచేది కాదులే" అని కుంచె కడుక్కున్నారు. అమ్మను తీసుకొచ్చి చూపిస్తే ఆమె, "నా కన్ను ఇంత బాగుండాదా మే!" అని మురిసిపోయింది. నాకు ఇంకా మండింది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ పటం కింద పేరు లేకుండానే పోయింది.

కబురు విని నేను వెళ్ళేసరికి సారు వాళ్ళింట్లో ఫ్యాను ఆపేసి ఉంది. తల కింద ఎత్తుగా దిండు, మూసిన రెప్పల మీద తడి దూది. అంతా పద్ధతిగా ఉంది. ఇవన్నీ ఎలా చేయాలో చెప్పే పటం గీసింది కూడా ఆయనే మరి.

"నిన్నే పిలవమన్నాడు" అంది ఆయన భార్య. "ఆ కోపం పిల్లకు చెయ్యి వణకదు అని చెప్పి పెట్టినాడు."

వణకలేదు. కానీ రెప్ప తెరిచాక నేనూ ఆ కంట్లోకి చూశాను. అమ్మ కంట్లోకి రెండు రోజులు చూసిన కన్ను అది. ముసలితనంలో నల్లగుడ్డు చుట్టూ వచ్చే తెల్లటి వలయం ఆయనకూ వచ్చింది. కళ్ళు తీసి పెట్టిన సీసాల మీద నంబరు వేశాను. ఇచ్చినవాళ్ళ పేరు పుచ్చుకున్నవాళ్ళకు తెలియకూడదు, అది మా నియమం. ఎవరో ఒకరి కంట్లో పువ్వు పోయి చూపొస్తుంది, ఈయన పేరు వాళ్ళకు తెలియదు. అది తలచుకుంటే ఆయన మాటే నెగ్గినట్టయి మళ్ళీ కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది, అది వేరే సంగతి.

సీసాలు అప్పగించి తిన్నగా ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. అడ్డుపడేవాడు ఇక లేడు కదా అని పెన్ను తీసుకుని స్టూలెక్కాను. ఆ పటం ఎత్తులో ఉంటుంది, ఇన్నేళ్ళూ కింద నుంచే చూశాను. ముఖం దగ్గరగా పెట్టి చూస్తే, పువ్వు పక్కన మిగిలిన నలుపు మీద ఆ కిటికీ, అందులో ఆ మరక. జేబులో భూతద్దం ఉంటే తీసి చూశాను.

మరక కాదు.

ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది ఆయనకు? ఇన్నేళ్ళు తిట్టించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. ఇప్పుడు ఎవరితో గొడవపడాలి నేను?

అమ్మ పేరు రాసేశాను. ఆయన ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానె. పెన్నుకు మూత పెట్టి ఇంకోసారి భూతద్దం పెట్టాను. అమ్మ కంట్లో, వెలుతురుకు అడ్డంగా, రెండు జడల పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఉంది.