విరగని గడియ

ఎవరూ అడక్కపోయినా నైలాన్ గొప్ప చెప్పడం ఆ ప్లాస్టిక్ సామాన్ల సేల్స్‌మన్‌కి అలవాటు. సంచిలోంచి నైలాన్ పళ్లచక్రం తీసి, ఎదుటివాళ్ల గచ్చు మీద ఠపీమని కొడతాడు. "చూశారా, గీత పడలేదు! తుప్పు పట్టదు, నూనె అడగదు, చప్పుడు చెయ్యదు. ఇంకా ఇనుమెందుకండీ?" అని, చక్రాన్ని చొక్కా అంచుతో పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తాడు. తన ఇంట్లోనూ ఇనుము కనబడితే ప్రాణం ఒప్పదు. ఈమధ్య స్నానాలగది గడియ పీకేసి, వెంట్రుక దూరనంత బిగువుగా నైలాన్‌ది చేయించి పెట్టాడు. నైలాన్ నీరు పీల్చి ఉబ్బుతుందన్న సంగతి, కొనేవాళ్లకు చెప్పనట్టే, తనకూ చెప్పుకోలేదు.

వారం తిరక్కుండానే ఆవిరికి గడియ ఉబ్బి, ఆయన లోపల ఇరుక్కుపోయాడు. భార్య ఇనుప సుత్తి తెచ్చింది.

"ఏమండీ, గట్టిగా కొడితే గడియ విరగదా?"

"విరగదే! నైలాన్!" లోపల్నుంచి వచ్చిన గొంతులో భయం కన్నా గర్వమే ఎక్కువ.

"అయితే తలుపే విరగాలి, పక్కకి జరగండి."

తలుపు ముక్కలైంది. తువ్వాలుతో బయటికొచ్చిన ఆయన, భార్య మొహం చూడలేదు. గడియ ఏరుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఇప్పుడు సంచిలో చక్రం పక్కన అదీ ఉంటోంది. "తలుపు ముక్కలైంది, దీనికి గీత పడలేదు!" అంటాడు. తలుపెందుకు పగలగొట్టారని అడిగితే మాత్రం, చక్రం తీసి గచ్చు మీద ఠపీమని కొడతాడు.