పొలిమేర దగ్గరే ఆగిపోయిన మామ

మా పెద్దమామ పోయాడన్న మాట నాకు చింతామణిలో, బాగేపల్లి నుంచి వచ్చిన, బొగ్గుతో నడిచే బస్సు కండక్టరు చెప్పాడు. నేను మా ఊరు మిట్టేమరి చేరేసరికి అంతా అయిపోయింది. అరుగు మీద ఆయన చోటులో ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేకపోయాను.

మా అమ్మకు అన్న. కోపం ముక్కు మీదే ఉండేది. మజ్జిగలో ఉప్పు తక్కువైతే చెంబు పక్కకి నెట్టేవాడు. అత్త పోయాక తన మజ్జిగ తనే కలుపుకుని, ఎట్లా ఉన్నా నోరెత్తకుండా తాగేవాడు.

ఆ కరువు ఏడు, పొలిమేర అవతలి పల్లె విత్తనాల రాగులు కూడా తినేసింది. మాది మైసూరు సంస్థానం, వాళ్లది మద్రాసు సీమ, మధ్యలో ఒక రాళ్లగుట్ట. ఊరు ఖాళీ చేయడానికి వాళ్లు మూటలు కట్టుకుంటుంటే మామ బండ్ల మీద రాగులు తోలుకుపోయాడు. తినడానికి కొంత, విత్తడానికి కొంత.

"పండినాక మాకు తిరిగి ఇయ్యొద్దు. మీ ఊర్లోనే పాతర తవ్వి దాచిపెట్టుకోండి. ఎప్పుడు తెరవల్లో మీరే కూడి చెప్పుకోండి" అన్నాడట. భూమిలో తవ్విన పాతరలో రాగులు ఏళ్ల తరబడి చెడవు.

మా ఊరి పెద్దలకు ఇది మింగుడు పడలేదు. "గింజలు మనవి, పెత్తనం వాళ్లదా?" అన్నారు.

"గింజలిచ్చినామని వాళ్లింట్లో దూరి కూర్చుంటామా అప్పా?" అన్నాడు మామ.

మరుసటి ఏడు పాతర నిండింది. వెంటనే, దాన్ని ఎప్పుడు తెరవాలని తగాదా కూడా వచ్చింది. తీర్పు చెప్పమని ఆ ఊరివాళ్లు మామ దగ్గరికి మనిషిని పంపారు. మామ పోలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఒగ మాట చెప్పొస్తే యేం పోతాది మామా?"

"నేను పోతే అందరూ నా మొగమే చూస్తారు. ఒగరి మొగం ఒగరు చూసుకోవల్ల. రేపు నేను చస్తే యెవరి దగ్గరికి పోతారు?"

ఆ తర్వాత పెళ్లిళ్లకు పిలిచినా పోలేదు. సాయంత్రాలు మాత్రం గుట్ట ఎక్కి, అవతల పొయ్యిల పొగ చూసి దిగి వచ్చేవాడు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ప్రేమగా పలకరించే ఊరేమో గుట్ట అవతల ఉంది. అంత ఒంటరి మనిషిని నేను చూడలేదు.

నేను ఊరు చేరిన మర్నాడు, మామ పోయిన కబురు చెప్పడానికి నేనే గుట్ట దాటాను. మళ్లీ వానలు లేని ఏడు. పాతర దగ్గర, ఎవరికెంత అని ఊరంతా అరుచుకుంటోంది. పక్కన నిలబడ్డాను. కాసేపటికి వాళ్లకు వాళ్లే సర్దుకున్నారు. మామ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇది ఆయన చూడాల్సింది అనుకుంటే ఏడుపొచ్చింది.

విషయం చెప్పాను. "ఆయప్ప యెవరప్పా?" అన్నారు కుర్రవాళ్లు. వెనక నుంచి ఒక ముసలమ్మ వచ్చి, విని, అక్కడే కూలబడింది.

"ఆ పొద్దు ఆయప్ప రాకపోతే ఈ ఊరే లేదు. మళ్లా ఒగసారైనా రాలేదే! మేం యేం తప్పు చేసినామో అని ఇన్నేండ్లూ అనుకుంటాండాం. మా మింద కోపమా నాయనా ఆయప్పకి?"

"లేదమ్మా" అన్నాను. ఎందుకు రాలేదో చెప్పబోయి, రోజూ సాయంత్రం ఆయన ఎక్కే గుట్ట వైపు చూశాను. నేనింకా ఏదో చెబుతానని ఆమె అట్లాగే ఎదురుచూస్తూ కూర్చుంది.