ఒకటి నొక్కితే ఓనరు

తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల ఆఫీసులో విజయభాస్కర్‌ది ఒకటే బాధ: తను తప్ప అక్కడ ఎవరికీ బుర్ర లేదు. సెల్లు నంబరు తప్పు లేకుండా కొట్టలేని మనుషుల మధ్య, నెల్లూరులో కంప్యూటరు కోర్సు చేసినవాడు ఎన్నాళ్ళని పడి ఉంటాడు? ఓనరు పద్మనాభయ్య గారు ఖాళీగా ఉన్న మేనేజరు కుర్చీ తనకిస్తే అప్పుడు చెబుతాడు అందరి పని.

ఆ కుర్చీ కోసమే ఆఫీసులోనూ గుంటల గట్టు మీదా ఇంటర్నెట్టు ఫోన్లు పెట్టించాడు. మనం కొట్టిన నంబరును ఫోనే మార్చి పంపేటట్టు వాటికి రూలు రాయవచ్చు. ఒకటి నొక్కితే ఓనరు గారి సెల్లు మోగాలని రాశాడు. ఒకటి ఒక్కటే నొక్కినప్పుడు అని రాస్తే సరిపోయేది. కానీ ఈ మొద్దు వేళ్ళు పక్క మీటల మీద కూడా పడతాయి కదా అనుకుని, ఒకటితో మొదలయ్యే ఏ నంబరైనా సరే అని రాసి పెట్టాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు రిపేరులో ఉంది; ఫోన్లు మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. గుంటల్లో నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. గుంటలు చూసే పెంచలయ్య ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చాడు.

"రొయ్యలు పైకి తేలతా ఉండాయి సార్. కరెంటోళ్ళకు చెప్పండి."

"1912 కొట్టేదానికి కూడా నేనే కావాల్నా?"

"గట్టు మీద ఫోన్లో కొట్టినా సార్. ఎవరో పెద్ద గొంతాయన ఎత్తినాడు. బయమేసి పెట్టేసినా."

"అడిగేది చేతగాకపోతే అంతే. చూసి నేర్చుకో."

లెక్కలు చూసే స్వర్ణ కూడా వినాలని స్పీకరు పెట్టి మరీ కొట్టాడు.

"ఆ, చెప్పు" అంది అవతలి గొంతు.

"చెప్పేదేంది, నిద్దర పోతా ఉండావా? కుర్చీలో కూర్చుని గురక పెట్టేదానికా నీకు జీతం? ఇక్కడ గుంటెడు సరుకు చస్తా ఉంటే చీమ కుట్టినట్టన్నా లేదే. నీ మాదిరి మొద్దును అక్కడ కూర్చోబెట్టినోణ్ణి అనాల."



"కూర్చోబెట్టింది మా నాయన, భాస్కరా" అన్నారు పద్మనాభయ్య నిదానంగా. "కరెంటోళ్ళకు నేను చెప్తాలే. నువ్వు పెట్టెయ్."

పెంచలయ్య తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

రొయ్యలు బతికాయి. మేనేజరు కుర్చీ స్వర్ణకు పోయింది. పైగా, ఒకటితో మొదలయ్యే ఏ నంబరు కొట్టినా విజయభాస్కర్ బల్ల మీది ఫోనే మోగాలని ఓనరు అతని చేతనే రూలు మార్పించారు.

ఇప్పుడు కరెంటు పోతే పెంచలయ్యకు భయం లేదు. తీరిగ్గా 1912 కొట్టి, "నిద్దర పోతా ఉండారా సార్?" అని మర్యాదగా మొదలుపెడతాడు. విజయభాస్కర్ ఫోను పెట్టేస్తాడు. కరెంటోళ్ళకు చెప్పేందుకు జేబులోంచి సెల్లు తీసి, సిగ్నలు కోసం ఎండలో గట్టు మీదికి నడుస్తాడు.