కరెంటు లేని వేళ ఎక్కిన లినక్స్

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి బయటికి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఆగిపోయిన ప్రతి సిస్టమ్‌కీ ఒక కారణం ఉంటుంది. అది దొరికేదాకా వెతకాలి, అంతే. ఇన్నేళ్లుగా ఆ నమ్మకంతోనే అన్నం తింటున్నాను. ఇప్పుడు చెప్పబోయేది చదివాక నన్ను గురించి మీరు వేరేగా అనుకోవచ్చు కాబట్టి ముందే ఈ మాట చెబుతున్నాను.

ఇది రెండువేల ఏడులో జరిగింది. మాది అగ్రహారం. యానాం బజారులో చిన్న షాపు పెట్టి అప్పటికి రెండేళ్లు.

యానాం దగ్గర నది ఒడ్డున ఉన్న జాలర్ల ఊరు దరియాలతిప్పలో ఒక స్వచ్ఛంద సంస్థ సమాచార కేంద్రం నడిపేది. కేంద్రమంటే ఒకటే గది. అందులో కంప్యూటరు, ఫోను లైను, మైకు సెట్టు ఉండేవి. సముద్రం మీద గాలి ఎలా ఉంటుంది, అల ఎంత ఎత్తు లేస్తుంది అన్న సమాచారం రోజూ ఇంటర్నెట్‌లోంచి తీసి మైకులో చదివేవారు. వేటకి వెళ్లేవాళ్లు అది విని బోటు తీయాలో వద్దో తేల్చుకునేవారు. చదివేది నూకరత్నం గారు. నలభై దాటిన మనిషి, చదువు ఏడో తరగతి. ఏ పదం దగ్గరా తడబడేవారు కాదు. ఆవిడ తమ్ముడు సత్తిబాబు కూడా వేటకి వెళ్లేవాడు.

వానాకాలం చివర్లో అక్కడి పాత కంప్యూటరు ఆగిపోయింది. విప్పి చూస్తే ఉప్పుగాలికి బోర్డంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. సంస్థ వాళ్లు కొత్త సిస్టమ్ పంపించి, పాతదాంట్లో ఉన్నట్టే, సిస్టమ్‌ని నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నారు. సీడీలు కూడా వాళ్లే ఇచ్చారు. అరపూటలో అయిపోయే పని అనుకుని వెళ్లాను.

సీడీ పెట్టగానే హార్డ్ డిస్కు లేదని వచ్చింది. డిస్కు నా కళ్ల ముందే ఉంది. కేబుల్ మార్చినా అదే మాట. కాసేపటికి సంగతి అర్థమైంది. బోర్డు అప్పుడే వచ్చిన కొత్తరకం. సీడీలు అంతకు ముందు ఏడాదివి. ఆ బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి ఈ లినక్స్‌కి తెలియదు. బోర్డు సెటప్‌లోకి వెళ్లి డిస్కు పాత పద్ధతిలో కనబడేలా మార్చాను. డిస్కు దొరికింది. ఈసారి మధ్యలో తెర నల్లబడి సిస్టమ్ బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే.

అలా రెండు రోజులు పోయాయి. ఈలోగా మైకు మూగబోకూడదని పొద్దున్నే యానాం నెట్ సెంటర్లో సముద్రం సమాచారం ప్రింటు తీసి పట్టుకెళ్లేవాణ్ణి. నూకరత్నం గారు అది చూసి చదివేవారు. అక్కడే కూర్చుని నాలాంటి బాధ పడినవాళ్లు ఇంటర్నెట్‌లో రాసిన ఉపాయాలు వెతికి, నాలుగు కాగితం మీద రాసుకున్నాను. మొదటి మూడూ పనిచేయలేదు.

మూడో రోజు పొద్దున నేను తీసుకెళ్లిన ప్రింటులో సముద్రం మామూలుగానే ఉందని ఉంది. అది విని సత్తిబాబు వాళ్లు బోటులో ఐసు నింపడం మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగూ ముప్పావుకి పాటు, అంటే నది నీరు సముద్రం వైపు లాగే వేళ. ఆ నీటి మీద బయల్దేరితే నాలుగు రోజుల దాకా తిరిగి రారు.

ఒంటిగంటకి నూకరత్నం గారు భోజనానికి ఇంటికి వెళ్లారు. నేను వెనక అరుగు మీద కూర్చుని క్యారేజీ తిన్నాను. రెండింటికి పది నిమిషాలు ఉండగా లోపలికి వచ్చి సిస్టమ్ ఆన్ చేశాను. పచ్చ లైటు వెలిగింది. తెర వచ్చింది. కాగితం మీద మిగిలిన నాలుగో ఉపాయం టైపు చేశాను. బోర్డులో కరెంటు వాడకాన్ని చూసుకునే ఒక సదుపాయాన్ని పక్కనపెట్టి మొదలుపెట్టమని చెప్పే చిన్న మాట అది. ఈ పని తెలిసినవాళ్లు నవ్వకముందే చెబుతున్నాను, ఆ మాటకి కరెంటు లేకుండా సిస్టమ్‌ని నడిపే శక్తి లేదు.

ఈసారి తెర నల్లబడలేదు. ఎక్కడం మొదలైంది.

ఆ గంటలో గమనించినవి ఉన్నవున్నట్టు చెబుతాను. ఫ్యాను తిరగడం లేదు. లేచి రెగ్యులేటరు తిప్పాను, కదల్లేదు. అంతకుముందు రెండుసార్లు అలాగే మొరాయించింది కాబట్టి పట్టించుకోలేదు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చుట్టూ చాలా నిశ్శబ్దంగా ఉంది. రోడ్డవతల ఐసు ఫ్యాక్టరీ మోత మూడు రోజులుగా నా చెవుల్లో ఉంది, అది వినపడటం లేదు. భోజనాల వేళ ఆపి ఉంటారనుకున్నాను. నా ధ్యాసంతా తెర మీద పాకుతున్న నీలం గీత మీదే ఉంది. రెండో సీడీ అడిగింది, పెట్టాను. మూడోది అడిగింది, పెట్టాను.

మధ్యలో సత్తిబాబు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇంకెంతసేపండి?"

"పావుగంట" అన్నాను. ఊచల్లోంచి తెర వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

అంతా పూర్తయిందని, ఇక రీబూట్ చేయమని వచ్చింది. బటన్ నొక్కాను. తెర ఆరిపోయింది, పచ్చ లైటు కూడా. ఎంతకీ తిరిగి రాలేదు. పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బోర్డు కాలిపోయిందనుకున్నాను. మూడు రోజుల శ్రమ నీళ్లపాలైందని తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే నూకరత్నం గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, "కరెంటొచ్చిందా బాబూ?" అన్నారు.

"ఎప్పుడు పోయింది?"

"నేను అన్నానికి ఎల్తన్నప్పుడే పోయింది కదండి. లైను పనంట. ఊరంతా లేదు. ఐసు ఫేట్రీ కూడా కట్టేశారు."

లేచి లైటు స్విచ్ వేశాను, వెలగలేదు. మైకు సెట్టు ఆన్ చేశాను, అదీ అంతే. బయటికి వచ్చి చూస్తే ఎదురింటివాళ్లు అరుగు మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు.

యూపీఎస్ ఉందేమో అని మీకు అనిపించవచ్చు. ఉంది, కానీ బ్యాటరీ ఉబ్బిపోతే రెండు రోజుల ముందు నేనే దాన్ని కాకినాడ పంపించాను. సిస్టమ్ వైరు నేరుగా గోడ ప్లగ్గులోనే ఉంది. మానిటరు పెద్ద గాజు గొట్టం ఉన్న పాతరకం. కరెంటు పోతే రెప్పపాటు కూడా నిలవదు. జనరేటరు ఆ గదికి లేదు, ఆ వీధికే లేదు.

ఆవిడతో "ఇంకాస్త ఉంది" అని అబద్ధం ఆడాను.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఐసు ఫ్యాక్టరీ మోత మొదలైంది. పవర్ బటన్ నొక్కడానికి నా వేలు వెంటనే ముందుకి రాలేదు. నొక్కాను. లినక్స్ నిండుగా, ఏ లోపమూ లేకుండా లేచింది.

మోడెమ్ కలిపి ఆ మధ్యాహ్నం పెట్టిన కొత్త సమాచారం తెరిచాను. పొద్దుటి మాటకీ దానికీ పొంతన లేదు. అల్పపీడనం బలపడుతోందని, రాత్రి నుంచే గాలి పెరిగి అలలు బాగా ఎత్తు లేస్తాయని, ఎవరూ వేటకి వెళ్లొద్దని ఉంది. నూకరత్నం గారు నా భుజం మీదుగా చదువుకున్నారు. మైకు అందుకుని రెండుసార్లు నిదానంగా చదివారు. మూడోసారి తెర మీద లేని మాట చేర్చారు.

"ఒరే సత్తిబాబూ, తాడు ఇప్పొద్దురా. ఐసు కరిగిపోతే పోనీ."

అప్పటికి నాలుగున్నర. ఆ లినక్స్ ఎక్కడానికి దాదాపు గంట పడుతుంది. కరెంటు వచ్చాక మొదలుపెట్టి ఉంటే ఐదు దాటేది. అది నడుస్తుండగా నేను కుర్చీలోంచి కదిలేవాణ్ణి కాదు, నెట్ సెంటరుకి వెళ్లాలన్న ఆలోచన కూడా వచ్చేది కాదు. పొద్దుటి ప్రింటు నేనే ఇచ్చాను. ఆ మాట నమ్మి సత్తిబాబు వాళ్లు బోటు తీసేవారు.

తెల్లారేసరికి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు గోడలా లేస్తున్నాయని చెప్పారు. రెండు రోజులు ఒక్క బోటూ కదల్లేదు. దరియాలతిప్పవాళ్లంతా ఒడ్డునే ఉన్నారు.

గాలి తగ్గాక వెళ్లి లినక్స్ తనంతట తాను రాసుకునే ఫైలు తెరిచాను. ఎప్పుడు ఎక్కడం మొదలైంది, ఎప్పుడు ముగిసింది అందులో ఉంటుంది. మొదలు ఒకటీ యాభై రెండు. ముగింపు రెండూ నలభై ఏడు. సిస్టమ్ గడియారాన్ని నా చేతి గడియారంతో సరిచూశాను. రెండు నిమిషాలు మాత్రమే తేడా ఉంది. తర్వాత లైన్‌మన్‌ని కలిసి అడిగాను. ఒంటిగంటా పదికి తీసేశామని, నాలుగింటికి ఇచ్చామని, మధ్యలో ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదని చెప్పాడు. "స్తంభం మీద ఉన్నది నేనేనండి. ఇచ్చుంటే ఈపాటికి ఉండేవాణ్ణి కాదు" అన్నాడు.

నిద్రపోయి కలగన్నానేమో అనుకోవడానికి సత్తిబాబు అడ్డొచ్చాడు. ఆ రోజు కిటికీలోంచి ఏం చూశావని అడిగితే, "తెర నీలంగా ఎలుగుతా ఉంది కదండి, బేటరీ మీద ఆడతందేమో అనుకున్నాను" అన్నాడు. అప్పుడు వేసింది నాకు భయం. ఆ వారం షాపులో ఏ సిస్టమ్ ఆన్ చేయాలన్నా ముందు ట్యూబులైటు వైపు చూసేవాణ్ణి.

యూపీఎస్ బాగై వచ్చాక బిగించడానికి వెళ్లాను. ఆ రోజు నూకరత్నం గారికి మొత్తం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతారనుకున్నాను. మైకు వైరు చుట్టుకుంటూ విన్నారు.

"మా ఆయన ఆకరిసారి ఏటకెల్లిన రోజున కరెంటు బానే ఉంది బాబూ. రేడియో పలికింది. పాటలొచ్చినియ్యి. గాలొత్తుందని ఒక్క ముక్క మాకెవరూ సెప్పలేదు. అన్నీ ఉండి ఎందుకు సెప్పలేదో తొమ్మిదేళ్లు ఆలోచించాను, తెలలేదు. ఇదీ తెలదు. ఇది మట్టుకు మా తమ్ముణ్ణి ఒడ్డున ఉంచింది."

చుట్టిన వైరు మైకు పక్కన పెట్టి, ఆ రోజు సముద్రం సమాచారం తెరవమన్నారు.

ఆ సిస్టమ్ తర్వాత నాలుగేళ్లు పనిచేసింది. పవర్ సప్లయి విప్పి చూశాను, బోర్డు చూశాను, గోడలోని వైరింగు స్తంభం దాకా పట్టుకుని వెళ్లాను. వింత ఏదీ లేదు. ఎప్పుడు కరెంటు పోయినా అన్ని సిస్టమ్‌లలాగే అదీ ఆగిపోయేది. ఆ ఒక్క మధ్యాహ్నం యాభై ఐదు నిమిషాలు అది దేని మీద నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.